నేయకుండా వదిలిన కొస

మేబోద్
ఖుర్దాద్ నెల, దానిమ్మలు పూత మీదున్న రోజులు

తమ్ముడు యదుల్లాకి,

అక్క బిల్కీస్ రాసేది. నీ కళ్లకు ముద్దులు.

నీ ఉత్తరం మొన్న అందింది. పోస్టువాడి చేతిలోంచి అమ్మే అందుకుంది. కవరుని అరచేతిలో వేసుకుని, నూలు చిలప బరువు చూసినట్టు రెండుసార్లు పైకీ కిందికీ ఆడించి, "వీడు ఈసారి పిసినారితనం చేయలేదు, బాగానే రాశాడు" అని నా చేతికిచ్చింది. నేను చదవడం మొదలుపెట్టాను. ముందు సగం బాగానే ఉంది. తరువాత నీకు జ్వరమొచ్చి టైర్ల మధ్యే పడుకున్నావని వచ్చింది. ఆ తరువాత, యుద్ధానికి వెళ్లి జాడ లేకుండా పోయిన మన హబీబ్ గురించి ఎవరినడిగినా తల అడ్డంగా ఊపుతున్నారు, ఇంక ఆశ పెట్టుకోవడం దండగ అని రాశావు. నా నోరు ఆగిపోయింది.

"ఏమే, నాలుక కరుచుకున్నావా?" అంది అమ్మ.

"వీడి రాత కోడి కెలికినట్టుంది, కూడబలుక్కుంటున్నాను" అన్నాను. నీ చేతిరాతకి చెడ్డపేరు తెచ్చాను, ఏమనుకోకు. ఇక ముందు ఒక పని చెయ్యి. అమ్మకి చదివి వినిపించే కాగితం ఒకటి రాయి. నాకు వేరే రాసి, సన్నగా మడిచి అడుగున పెట్టు. అమ్మ కాగితంలో నువ్వు తింటున్నావు, పడుకుంటున్నావు, వాతావరణం బాగుంది. అర్థమైందా?

ఇక్కడి సంగతులు చెబుతాను. మసీదు చూసుకునే అస్కర్ వచ్చి వెళ్లాడు. మసీదులో పరిచిన పాత నూలు జీలూలు నేల కనబడేంతగా అరిగిపోయాయట. ఎవరో వ్యాపారి మిల్లు తివాచీలు ఊరికే ఇస్తానంటున్నాడట. "ఉస్తాద్, రెండు వందల ఏళ్లుగా ఈ ఊరి నూలు మీదే మోకరిల్లాం. మీ మగ్గం మీదున్నది ఎలుకలకి పరుపైపోతోంది. కొసపట్టీలో హబీబ్ పేరు నేసి కిందికి దించండి. అమరుడి పేరున పరుస్తాం" అన్నాడు నాన్నతో.

నాన్న నోరు తెరిచేలోపే అమ్మ తలుపు అవతల నుంచి అంది: "అస్కర్, నా కొడుకు క్షేమంగా తిరిగొస్తే మసీదుకి జీలూ పరుస్తానని మొక్కుకున్నాను. వాడొస్తే ఇచ్చినవాడు ఫలానా అని వాడి పేరు నేస్తారు. రాకపోతే పోయినవాడి పుణ్యానికని నేస్తారు. పట్టీ ఒకటే, మాట రెండు. ఏది నేయాలో తెలిసేదాకా ఆ మగ్గం మీద చెయ్యి పడదు. ఇంతకీ నీ టీలో చక్కెర వేశానా?"

అస్కర్ టీ తాగి వెళ్లిపోయాడు. ఎనిమిదేళ్లుగా ఇదే మాట. పన్నెండు కమానుల జీలూ, ఒక్కో కమానులో ఒకరు నిలబడి నమాజు చేసుకునేంత, నీలం మీద తెలుపు, నువ్వూ నాన్నా కలిసి నేసింది, జానెడు కొస మిగిలి అలాగే నిలబడి ఉంది. ఆ ఒక్క మగ్గం ఆగిపోయి మన ఇంట్లో పనే ఆగిపోయింది. నువ్వు వెళ్లి సరిహద్దు రోడ్డు మీద పంక్చర్లు వేసుకుంటున్నావు. నేను మా ఆయన చేసే మట్టి పళ్లేల మీద నవ్వే సూర్యుడి ముఖాలు గీసుకుంటున్నాను.

నాన్నకి దగ్గు ఎక్కువైంది. డాక్టరు, జీవితమంతా పత్తి దుమ్ము పీల్చాడు కదా అన్నాడు. అయినా అమ్మ వదలదు. పొద్దున రొట్టె తినీ తినగానే, "లే, వెళ్లి పడుగు బిగువు చూడు, వదులైపోతే నా మొక్కు చెడుతుంది" అని తరుముతుంది. ఆయన గోడ పట్టుకుని మగ్గం గుంతలోకి దిగుతాడు. పేక లేకుండానే చివరి వరస మీద, పోగులు బిగించే ఇనుప పంజాతో కొడుతూ కూర్చుంటాడు. టక్, టక్. వీధిలో వాళ్లు ఉస్తాద్ రజబ్అలీ ఇంకా పని చేస్తున్నాడనుకుంటారు.

రెండు కాగితాల సంగతి మరిచిపోకు.

బిల్కీస్


కెర్మాన్‌షా
తీర్ నెల

అమ్మకి,

నీ చేతులకు ముద్దులు. నేను క్షేమం. ఇక్కడ వాతావరణం బాగుంది. మూడు పూటలా తింటున్నాను. సరిహద్దు నుంచి వచ్చే లారీలవాళ్లందరినీ అడుగుతున్నాను. నాన్న ఆరోగ్యం జాగ్రత్త.

నీ యదుల్లా

అక్కకి, నీకు మాత్రమే:

ఇక్కడ వాతావరణం బాగాలేదు. షెడ్డు రేకుల కింద మనిషి ఉడికిపోతాడు. మూడు పూటలంటే, ఒక పూట రొట్టె ఉల్లిపాయ, ఒక పూట రొట్టె ఉల్లిపాయ, మూడో పూట ఉల్లిపాయ అయిపోతుంది.

నాన్నని అలా మగ్గం దగ్గరికి తరమడం నాకు నచ్చలేదు. అమ్మకి నువ్వైనా చెప్పు. ఆ జీలూ మొదలుపెట్టిన రోజు నాకు బాగా గుర్తు. హబీబ్ సెలవు మీద వచ్చి ఉన్నాడు. అమ్మ మొక్కు విని పడీ పడీ నవ్వాడు. "అమ్మా, చిన్నది మొక్కావంటే నా ప్రాణం ధర తగ్గిపోతుంది. పన్నెండు కమానులు పెట్టించు" అన్నాడు. మొదటి వరసలకి తాళ్లు తనే లాగాడు. నాన్న వరస పేరు పిలిస్తే, వీడు ఆ వరస తాళ్లు లాగుతూ మసీదులో అజాఁ ఇచ్చినంత గొంతుతో తిరిగి పలికేవాడు. నాన్న, "ఒరే, తాడు లాగమన్నాను, ఊరిని పిలవమనలేదు" అని తిట్టేవాడు. సెలవు అయిపోయాక వాడు వదిలిన తాళ్లు నేను పట్టుకున్నాను. నేనెప్పుడూ అంత గట్టిగా పలకలేదక్కా. నాన్న కూడా నన్నెప్పుడూ తిట్టలేదు.

యదుల్లా


మేబోద్
ముర్దాద్ నెలాఖరు

తమ్ముడూ,

రేడియోలో చెప్పారు. నువ్వు మాకంటే ముందే వినుంటావు. యుద్ధంలో పట్టుబడ్డ బందీలు తిరిగొస్తున్నారట! ఊళ్లో జనం మేడల మీదికెక్కి అరిచారు. పావురాల బురుజు చుట్టూ దీపాలు కట్టారు. మన వీధిలో అందరూ ఏడుస్తూ మిఠాయిలు పంచుకున్నారు.

అమ్మ ఏడవలేదు. చీపురు తీసుకుంది. ఇల్లంతా సున్నం వేయించింది. మట్టి కుండలో దానిమ్మ పులుసు పోసి పెట్టింది, హబీబ్‌కి ఇష్టమని. నాన్నకి మంగలిని పిలిపించి గడ్డం దిద్దించింది. ఆయన దగ్గుతూ కూర్చుంటే మంగలి కత్తి ఎక్కడ తెగుతుందోనని నాకు భయం వేసింది.

"పడుగు బిగువు చూశావా?" అని అడిగింది ఆయన్ని, అప్పుడు కూడా.

"చూశాను గౌహర్. నీ కొడుకు గడప దాటేసరికి నేస్తాను, సరేనా?" అన్నాడు.

"అక్షరాలు ఎవరు గీస్తారు?"

"బిల్కీస్ గీస్తుంది. ఎప్పుడూ గీసేది అదే కదా. నాకు చదువెక్కడ ఏడ్చింది? అది గీసిన గళ్లు చూసి నేస్తాను."

నేను గళ్ల కాగితం తీసి హబీబ్ పేరు గీశాను. ఇచ్చినవాడు హబీబ్, ఉస్తాద్ రజబ్అలీ కొడుకు. ఆ ముందు మాట రెండుసార్లు చెరిపి గీశాను. నువ్వు రోడ్డు మీద నిలబడే ఉన్నావు కదా? వాడి ఫోటో పెద్దది చేయించావా? కళ్లు కాయలు కాచేలా చూస్తున్నాం. ఏ వార్తయినా వెంటనే రాయి. ఏ వార్తయినా.

బిల్కీస్


కెర్మాన్‌షా
షహ్రీవర్ నెల

అమ్మకి,

నీ చేతులకు ముద్దులు. బస్సులు ఇంకా వస్తూనే ఉన్నాయి. హబీబ్ ఫోటో అట్టకి అంటించి కర్రకి కట్టాను, అందరికీ కనబడుతుంది. ఇంకా వార్త లేదు. చాలా బస్సులు రావాల్సి ఉంది. వాతావరణం బాగుంది. నేను బాగున్నాను.

నీ యదుల్లా

అక్కకి, నీకు మాత్రమే. కూర్చుని చదువు:

హబీబ్ లేడు.

ఎలా రాయాలో తెలియక నిన్నంతా కాగితం ముందు పెట్టుకుని కూర్చున్నాను. జరిగింది జరిగినట్టు రాస్తాను. బస్సులు ఆగే చోట జనం తోసుకుంటున్నారు. ఒక్కొక్కరు ఒక్కో ఊరి పేరు అరుస్తున్నారు. నేనూ అరిచాను, "మేబోద్! మేబోద్ వాళ్లున్నారా?" అని. ఒక బస్సు కిటికీలోంచి ఒకడు తల బయటికి పెట్టి, "మీ పక్కూరు అర్దకాన్ పనికొస్తుందా? మీరు మాకు నీళ్లివ్వరు, అయినా చెయ్యి ఇస్తాను, పట్టుకో" అన్నాడు. నవ్వాడు. ముందు పళ్లు లేవు. నేనూ నవ్వాను. అప్పుడు వాడు నా చేతిలో ఫోటో చూశాడు. వాడి నవ్వు ఆగిపోయింది. నాకు అక్కడే తెలిసిపోయింది, అక్కా. తరువాత చెప్పినవన్నీ ఊరికే విన్నాను.

వాడి పేరు హిదాయత్. హబీబ్‌తో కలిసి పట్టుబడ్డాడట. ఒకే గదిలో ఉన్నారట. రెండో చలికాలంలో విరేచనాలు పట్టుకుని మన వాడు పోయాడు. తలా ఒక దుప్పటి ఉండేదట అక్కడ. హబీబ్ దుప్పటి జబ్బులో పాడైపోయింది. హిదాయత్ తన దుప్పటి చుట్టి వాణ్ని మట్టిలో పెట్టాడు. ఆ చలికాలమంతా మిగతావాళ్ల మధ్య ఇరుక్కుని పడుకున్నానని చెప్పాడు, అదేదో మామూలు విషయమన్నట్టు.

జబ్బు పడకముందు వాడు గోడకి ఎదురుగా కూర్చుని, గాలిలోనే తాళ్లు లాగుతూ వరసల పేర్లు పలికేవాడట. అందరికీ నేర్పాడట. గది మొత్తం కలిసి పలికేదట. చివరి రోజుల్లో ఒకటి చెప్పాడట: "మా అమ్మ ఆ జీలూని కొస నేయనివ్వకుండా ఆపే ఉంటుంది. ఆవిడ సంగతి నాకు తెలుసు. దించేయమని చెప్పు. ఎవరో ఒకరు దాని మీద నిలబడనీ. ఎలుకలు కొట్టేస్తే నాన్న తట్టుకోలేడు."

అమ్మకి ఎలా చెబుతావో, చెబుతావో లేదో, నీ ఇష్టం. నాకు చేతకాదు.

యదుల్లా


మేబోద్
మెహ్ర్ నెల మొదలు

తమ్ముడూ,

చదివాను. ఉత్తరం వచ్చినప్పుడు అమ్మ మామూలుగానే కవరు చేతిలో ఆడించి ఇచ్చింది. నేను పై కాగితం చదివాను. "చాలా బస్సులు రావాల్సి ఉంది" అన్న మాట రెండుసార్లు చదివించుకుంది. రెండో కాగితం మా ఇంటికి వెళ్లి, పళ్లేలు కాల్చే గదిలో తలుపేసుకుని చదివాను. మా ఆయన మట్టి చేతులతోనే వచ్చి నన్ను పట్టుకున్నాడు. నా నల్ల చాదర్ మీద ఆయన చేతుల గుర్తులు ఎండిపోయి ఉన్నాయి, ఉతకబుద్ధి కావడం లేదు. అప్పటి నుంచి నేను గీసిన సూర్యుళ్లలో ఒక్కటీ నవ్వలేదు. దుకాణం వాడు తిప్పి పంపాడు.

నాన్నకి చెప్పాను. ఒక్కదాన్నే మోయలేకపోయాను. అమ్మ నీళ్లకి వెళ్లినప్పుడు మగ్గం గుంతలోకి దిగి, ఆయన పక్కన కూర్చుని చెవిలో చెప్పాను. పంజా చేతిలోనే ఉంది. దాని పళ్లలో చిక్కుకున్న నూలు పోగు లాగాడు. తరువాత, "ముఖం ఎటు తిప్పి పడుకోబెట్టారట? నమాజు దిక్కుకేనా?" అన్నాడు.

"తెలియదు నాన్నా. తమ్ముడు అడగలేదు."

"దుప్పటి ఎవరిదన్నావ్?"

చెప్పాను. తల ఊపాడు. "మీ అమ్మకి చెప్పకు. ఈ జానెడు పట్టీ మీదే బతుకుతోంది అది. నేను నేసేస్తే ఆ రోజే రాలిపోతుంది" అన్నాడు. అమ్మ కడవ చప్పుడు వినబడింది. వెంటనే పంజా ఎత్తి కొట్టడం మొదలుపెట్టాడు. టక్, టక్. ఉత్త దారాల మీద. నేను పైకి వచ్చేశాను.

అమ్మ మీద నాకు కోపం వస్తోంది. ఆయన రక్తం దగ్గుతున్నాడు. నిన్న మంచం మీంచి లేవలేకపోతే, "ఇదేం సోమరితనం? పడుగు వదులైపోతోంది, లే" అని రెక్క పట్టుకుని లేపింది. నేను అడ్డం పడ్డాను. "నీ మొక్కు కోసం ఈయన్ని చంపుతావా?" అని అరిచేశాను. అమ్మ నన్ను చూసింది. తరువాత ఆయన్నే చూస్తూ, "బూట్లు వేసుకో, గుంత చల్లగా ఉంటుంది" అంది. నా కన్నతల్లే అయినా ఇదేం మనిషని అనిపించింది.

బిల్కీస్


కెర్మాన్‌షా
మెహ్ర్ నెల

అమ్మకి,

నీ చేతులకు ముద్దులు. ఇక్కడ దానిమ్మలు మన దానిమ్మల ముందు ఎందుకూ పనికిరావు. బస్సులు తగ్గాయి కానీ ఆగలేదు. నేను రోజూ వెళ్తున్నాను. వాతావరణం బాగుంది.

నీ యదుల్లా

అక్కకి:

ఒక హెచ్చరిక. హిదాయత్ అర్దకాన్ చేరాడు. చెరలో చనిపోయినవాళ్ల ఇళ్లన్నింటికీ వెళ్లి తల్లుల్ని చూసి రావాలని వాళ్లలో వాళ్లు ఒట్టు పెట్టుకున్నారట. మా ఇంటికి మాత్రం వెళ్లకు అని బతిమాలాను. "పక్క ఊళ్లోనే ఉండి వెళ్లకపోతే ఎలా?" అన్నాడు. వస్తాడు. నువ్వు గుమ్మం దగ్గరే ఆపు.

నన్ను ఇంటికి రమ్మని అడగకు. నేను వస్తే వెతకడం అయిపోయిందని అమ్మకి తెలిసిపోతుంది. ఫోటో కర్ర పట్టుకుని ఇప్పటికీ రోడ్డు మీదికి వెళ్తున్నాను. లేని మనిషి కోసం ఎదురుచూడటం కూడా ఒక ఉద్యోగమైపోయింది. నాన్నకి ఏదైనా అయితే వెంటనే తంతి కొట్టు. వెంటనే.

యదుల్లా


మేబోద్
ఆబాన్ నెల

తమ్ముడూ,

ఈ ఉత్తరంలో ఒకటే కాగితం. అమ్మకి తెలియకుండా రాస్తున్నాను.

నాన్న పోయాడు. తొమ్మిది రోజులైంది. తంతి కొట్టలేదని నన్ను తిట్టు, కొట్టు, ఏమన్నా చెయ్యి. అమ్మ కొట్టనివ్వలేదు. పోస్టాఫీసుకి బయలుదేరితే చాదర్ కొస పట్టుకుని ఆపింది. "వాడు రోడ్డు మీద ఉన్నాడు. ఉండనీ. ఇప్పుడు పిలవకు" అంది. ఎందుకని అడిగితే చెప్పలేదు. నువ్వు నన్ను క్షమించినా క్షమించకపోయినా, ఆవిణ్ని నేను క్షమించలేదు.

పొద్దున్నే లేచి తనే వెళ్లాడు మగ్గం దగ్గరికి. అమ్మ టీ కాస్తోంది. టక్ టక్ వినబడుతోంది. ఆగింది. దగ్గు కోసం ఆపాడనుకున్నాం. అమ్మ చేతిలో టీ గ్లాసు అలాగే పట్టుకుని చెవి ఒగ్గి నిలబడింది. ఎంతకీ మొదలవలేదు. గ్లాసు కింద పెట్టి, "అయిపోయింది" అంది. గుంతలోకి వెళ్లి చూసింది నేను. అమ్మ కాదు. పడుగు దారాలకి నుదురు ఆనించి ఉన్నాడు. కొస నేయలేదు.

ఏడో రోజు హిదాయత్ వచ్చాడు, వాళ్లమ్మని వెంటబెట్టుకుని. నేను గుమ్మంలో చూడగానే పోల్చుకున్నాను, ముందు పళ్లు లేకపోవడం చూసి. ఆపుదామని లేచేలోపే, తిరిగొచ్చిన బందీ అని ఎవరో అనగానే అమ్మ ఎదురెళ్లింది. వాడి మణికట్టు పట్టుకుని తన పక్కన కూర్చోబెట్టింది. నేనూ వెనకే వెళ్లి కూర్చున్నాను. అమ్మ అడిగిందల్లా ఇంతే.

"అక్కడ చలి ఎక్కువా, బాబూ?"

"ఎక్కువేనమ్మా."

"కప్పుకోవడానికి ఇచ్చేవారా?"

"తలా ఒక దుప్పటి."

"నీ దుప్పటి నీ దగ్గరే ఉందా?"

వాడు తల వంచుకున్నాడు. "ఒకరికి ఇచ్చాను" అన్నాడు.

ఎవరికని అమ్మ అడగలేదు. వాడి వీపు మీద చెయ్యి వేసి నిమిరింది, చలి వేస్తోందేమో చూస్తున్నట్టు. వాడు చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. మగవాళ్లూ ఆడవాళ్లూ అందరూ నాన్న కోసమే ఏడుస్తున్నాడనుకున్నారు. వెళ్లేటప్పుడు వాడి ఒడి నిండా మన చెట్టు దానిమ్మలు పోసింది. తనకి ఏమీ అర్థం కాలేదనే అనుకుంటున్నాను. అర్థమై ఉంటే నిలబడగలిగేదా?

నువ్వు వస్తావా రావా, నీ ఇష్టం. నాకేం చెప్పాలో తెలియడం లేదు.

బిల్కీస్


కెర్మాన్‌షా
ఆబాన్ నెల

అక్కా,

నేను తిట్టను. తిట్టడానికి ఓపిక లేదు. నీ ఉత్తరం రోడ్డు మీద, కర్ర చంకలో పెట్టుకుని చదివాను. పక్కన లారీ డ్రైవరు, "ఏమైంది ఉస్తాద్?" అన్నాడు. పంక్చర్లు వేసేవాడినైనా ఇక్కడ నన్ను ఉస్తాద్ అంటారు. ఆ మాట వినేసరికి తట్టుకోలేకపోయాను.

నాన్నకి నేను తాళ్లు లాగినన్నాళ్లూ మేమిద్దరం మాట్లాడుకున్నది వరసల పేర్లే. ఇంకేమీ మాట్లాడుకోలేదు. అడగాల్సినవి చాలా ఉన్నాయని ఇప్పుడు అనిపిస్తోంది.

అమ్మ నన్ను రావద్దందా? అయితే రాను. ఆమె ఎందుకలా అందో నాకూ తెలియదు. కానీ ఆవిడ ఊరికే ఏదీ అనదు.

యదుల్లా


మేబోద్
ఆబాన్ నెలాఖరు

నా కొడుకు యదుల్లాకి,

మీ అమ్మ గౌహర్ చెబుతోంది, బిల్కీస్ రాస్తోంది. ఒక్క మాట మార్చినా దాని చెయ్యి విరగ్గొడతానని చెప్పాను. మూతి ముడుచుకుని రాస్తోంది.

నాకు చదువు రాదు. కానీ ఏడేళ్లప్పటి నుంచి నూలు వడికాను. చిలప చేతిలో వేసుకుంటే ఎన్ని దారాలు తక్కువో చెబుతాను. నువ్వు పంపే కవరులో రెండు కాగితాల బరువుంటుంది, మీ అక్క ఒక కాగితం చదువుతుంది. ఎండాకాలం నుంచీ ఇదే వరస. షహ్రీవర్‌లో వచ్చిన కవరు మరీ బరువు. ఇది చదివింది మాత్రం నాలుగు ముక్కలు. వాతావరణం బాగుందట! ఏ ఊళ్లోనైనా అన్ని నెలలు వాతావరణం బాగుంటుందా, పిచ్చివాడా? ఆ రోజే నాకు తెలిసింది, నా హబీబ్ లేడని. అసలు అంతకు చాలా ముందే తెలుసు. తల్లికి తెలియదా? ఆ రోజు రూఢి అయింది, అంతే.

మీ అక్క నన్ను రాతిగుండె అనుకుంటోంది. రాయవే, అదీ రాయి. నేను నీ నాన్నని మగ్గం దగ్గరికి తరిమింది నా మొక్కు కోసం కాదు. యుద్ధం ఆగినప్పుడే డాక్టరు నాకొక్కదానికే చెప్పాడు, ఈయన మంచం ఎక్కితే మళ్లీ దిగడని. చేతిలో పని అయిపోయిన నేతగాళ్లని చూశాను నేను. మా నాన్నని చూశాను. చివరి జీలూ మగ్గం మీంచి దించిన వారానికే ఆయన్ని భుజాల మీద మోశారు. మొదటి ఆరేళ్లు మొక్కు కోసమే ఆపాను, ఆ తరువాత ఇందుకే కొస నేయనివ్వలేదు. ఆ జానెడు మిగిలి ఉంటే పొద్దున్నే లేవడానికి ఆయనకొక సాకు ఉంటుంది. నేను తిడితే లేస్తాడు. ప్రేమగా చెబితే దుప్పటి కప్పుకుంటాడు, ఆయన సంగతి నాకు తెలుసు. రెండేళ్లు బతికించాను. ఆయనేమో ఆ కొస నేస్తే నేను చచ్చిపోతానని ఆపాడట, ఇది ఇప్పుడు చెబుతోంది. నలభై ఏళ్లు కాపురం చేశాం, ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకుని ఒక్క మాట అనుకోలేదు. ఏడుస్తున్నావెందుకే? కాగితం తడిసిపోతుంది. రాయి.

తంతి ఎందుకు కొట్టనివ్వలేదంటే, నువ్వొస్తే నీ మొహం చూడాలి. చూస్తే హబీబ్ కోసం కూడా ఏడవాలి. మీ నాన్నకి ఒక్కడికే దక్కాల్సిన ఏడుపది. ఎనిమిదేళ్లుగా ఈ ఇంట్లో ఆయన వంతు ఏదీ ఆయనకి దక్కలేదు. అందుకని ముందు ఆయన కోసం ఏడ్చాను. ఇప్పుడు హబీబ్ కోసం నువ్వూ నేనూ మీ అక్కా కలిసి ఏడుద్దాం. ఇన్నాళ్లూ విడివిడిగా ఏడ్చాం కదా.

ఇక పని సంగతి. నలభయ్యో రోజుకి ఆ జీలూ మసీదులో పరుస్తాం. అస్కర్‌కి చెప్పేశాను. మిల్లు తివాచీలు వెనక్కి పంపమన్నాను. కొస నేయాలి. మగ్గానికి ఇద్దరు కావాలి. మీ నాన్న చోట బిల్కీస్ కూర్చుంటుంది. ఆడది మగ్గం మీద కూర్చుందని ఈ వీధి ఏమన్నా అంటే నా దగ్గరికి పంపు. నువ్వొచ్చి తాళ్లు లాగు. ఈసారి కాస్త గట్టిగా పలుకు, పై గదిలోకి నాకు వినబడాలి.

పట్టీలో ఏం నేయాలో చెబుతున్నాను, విను. నా మొక్కు తీరలేదు కాబట్టి ఇచ్చినవాడని నేయొద్దు. దేవుడికీ నాకూ ఆ లెక్క వేరే ఉంది, అది మేము మాట్లాడుకుంటాం. పోయినవాళ్ల పుణ్యానికనీ వద్దు. నేసినవాడు ఉస్తాద్ రజబ్అలీ, తాళ్లు లాగినవాళ్లు అతని కొడుకులు హబీబ్, యదుల్లా అని నేయండి. తాడు లాగినవాడి పేరు ఏ జీలూలోనూ ఉండదని అస్కర్ అంటాడు. ఉండదు, నాకూ తెలుసు. ఈ ఒక్కదానిలో ఉంటుంది.

ఇంకొకటి. పట్టీ చివర, దీన్ని మసీదు గడప దాటించినవాడు శపించబడుగాక అని నేయడం మన ఆచారం. మా తాత నేశాడు, మీ నాన్న నేశాడు. దీనిలో అది నేయొద్దు. చలికాలంలో ఎవడికైనా కప్పుకోవడానికి ఏమీ లేకపోతే, ఎవడికైనా తన పక్కవాణ్ని చుట్టడానికి ఏమీ లేకపోతే, తీసుకుపోనీ. నా బిడ్డకి ఒకడు తన దుప్పటి ఇచ్చి చలికి వణికాడు. ఆ బిడ్డ తల్లిగా నేను ఎవరినీ శపించలేను.

ఫోటో కర్ర అక్కడే వదిలేయకు, తీసుకురా. ఇక్కడ వాతావరణం బాగాలేదు. చలి మొదలైంది. బయలుదేరి రా.

అమ్మ

తమ్ముడూ, అమ్మ చెప్పింది చెప్పినట్టే రాశాను. ఇందులో నేను వేరే కాగితమేదీ పెట్టలేదు. కవరు అంటించాక అమ్మ తీసుకుని, అరచేతిలో వేసి బరువు చూసి, "సరిపోయింది" అని నా చేతికిచ్చింది.